రెండేసి దెబ్బలు

1 సెప్టెంబరు, ఆదివారం

కావలి గుడిసె ముందున్న బోర్డుకు మళ్ళీ రంగు వేశాను. తెలుపు మీద నల్ల అక్షరాలు. కెంతోంగాన్, అంటే కావలి కొయ్యడోలు, ఒక్కో దెబ్బ మోగితే చావు. రెండేసి మోగితే దొంగ. మూడేసి నిప్పు. నాలుగేసి కొండచరియ. ఐదేసి పశువు పోయినట్టు. విన్నవాళ్ళు దగ్గరున్న డోలు అందుకుని అదే లెక్కలో కొట్టాలి, మిగతావాళ్ళు పరుగెత్తాలి. అడుగున చిన్న అక్షరాలతో నా పేరు రాసుకున్నాను: మార్సుది, వాడ పెద్ద. తుమినా చూసి, "చిన్న అక్షరాలంటే ఇవేనా?" అంది. పెళ్ళాం కాబట్టి ఊరుకున్నాను.

పనసమొద్దు తొలిపించి ఆ కొయ్యడోలు కట్టించి ఇరవై రోజులైంది. ఒక్కసారి కూడా మోగలేదు. జూలైలో రెండు మేకలు, ఒక నీళ్ళ మోటారు పోయినప్పుడు "వాడ పెద్ద గుడ్లప్పగించి చూస్తున్నాడా" అని అందరూ నా మీద పడ్డారు. ఇప్పుడు డోలు కట్టిస్తే నవ్వుతున్నారు. ఇవాళ టీ కొట్టు దగ్గర బగ్యో, నేను వింటున్నానని తెలిసే, ఆకాశం వైపు చేతులెత్తి, "దేవుడా, మా మార్సుదిగారి ముచ్చట తీరేలా ఒక్క దొంగనైనా పంపవయ్యా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బడిలో ముప్పై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసినవాడికి నవ్వడం ఒక లెక్కా?

పొనిరాన్ తాత ఒక్కడే నా పక్షం. డెబ్భై మూడేళ్ళ మనిషి, కావలివాడి ఆకుపచ్చ యూనిఫారం ఇస్త్రీ చేసుకుని మరీ తొడుక్కుంటాడు. పొద్దున్నే వచ్చి డోలుకు గుడ్డతో దుమ్ము తుడుస్తాడు. మధ్యాహ్నం ఇంటికెళ్ళి ఒక కునుకు తీస్తాడు. అది అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

3 సెప్టెంబరు, మంగళవారం

దొంగ దొరికాడు.

మధ్యాహ్నం రెండు దాటింది. వాడంతా పైన పొగాకు కోతలో ఉంది. ఎవరో కొత్త మనిషి మా వాడ దర్సినా ఆవును తాడు పట్టుకుని తోలుకుపోతున్నాడు. డోలు మోగింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు, చేలల్లోంచి నలభై మంది దిగిపోయారు. ఆడవాళ్ళు కూడా కొడవళ్ళతో వచ్చారు. ఏర్పాటు ఎంత చక్కగా పనిచేసిందో గ్రామాధికారి చూసి ఉంటే బాగుండేది.

మనిషిని వంతెన దగ్గర పట్టుకున్నారు. కొంచెం చెయ్యి చేసుకున్నారు. బగ్యో చేతిలో పందిరి వెదురు ఉంది. నేను "ఆగండి, ఆగండి" అన్నాను. ఆ గోలలో ఎవరికి వినపడుతుంది?

ఒక లోపం గమనించాను. బోర్డు ప్రకారం పశువుకు ఐదేసి కొట్టాలి. మోగింది రెండేసి. తొందరలో అలా జరిగింది. వచ్చే మీటింగులో దీని గురించి చెప్పాలి.

దర్సినా ఆఖర్న వచ్చింది. వంతెన మీద కూలబడి గుండెలు బాదుకుంది. ఆవు దొరికింది కదా, ఏడుపెందుకని అడిగాను.

4 సెప్టెంబరు

దొంగ కాదట.

5 సెప్టెంబరు, గురువారం

అతని పేరు జుమాది. కొండకు అవతలి వాడ. కొబ్బరి చెట్లెక్కి నీరా దించి బెల్లం కాస్తాడు. ఆవు అతనిదే. దర్సినా మొగుడు చనిపోయిన ఏడు, జాలిపడి సగపాలుకు మేపమని ఇచ్చాడట. ఆవు అతనిది, మేత ఈమెది, దూడలు చెరొకటి. ఆరేళ్ళుగా అందరం అది దర్సినా ఆవే అనుకుంటున్నాం. ఆమె కూడా అవునని ఎప్పుడూ అనలేదు, కాదనీ అనలేదు.

ఇవాళ ఆమె ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది.

"వాళ్ళ పెద్దమ్మాయిని కాలేజీలో చేర్చాలంట అన్నా. సంతలో అమ్ముతానన్నాడు. నేను కోతకెళ్తున్నా, నువ్వే వచ్చి విప్పుకుపో అన్నాను."

"నాతో ఒక్క మాట చెప్పి ఉంటే..."

"ఏమని చెప్పను? ఆవు నాది కాదనా? ఆ ఆవుని చూసే కదా మీరంతా నన్ను మనిషిలా చూసింది, కోపరేటివ్‌లో సభ్యురాలిగా చేర్చుకుంది." తర్వాత ముఖం తుడుచుకుని, "వంతెన మీద నా పేరు చెప్పి అరిచాడంట కదా. ఒక్కళ్ళకీ వినపడలేదా?" అంది.

ఆ గోలలో ఎవరికి వినపడుతుంది అన్నాను.

జుమాది కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. పక్కటెముక ఒకటి చిట్లింది. మిగతావి దెబ్బలే. దర్సినా చెప్పకపోవడం పెద్ద తప్పు. ఈ విషయంలో అసలు తప్పు అక్కడే మొదలైంది.

6 సెప్టెంబరు, శుక్రవారం

జుమ్మా నమాజు తర్వాత పోలీసాయన వచ్చాడు. గ్రామాధికారి కూడా వచ్చాడు. జుమాది ఎవరి మీదా కేసు పెట్టనన్నాడట. అయినా ఒక కాగితం మీద రాసుకోవాలి కాబట్టి అడిగారు. కావలి గుడిసె దగ్గర ఇరవై మందిమి ఉన్నాం.

"మొదట డోలు కొట్టిందెవరు?"

నేను గొంతు సవరించుకున్నాను. సవరించుకున్నాను, ఇంకో రెండు క్షణాలు దొరికి ఉంటే చెప్పేసేవాణ్ణే. ఈలోగా పొనిరాన్ తాత ముందుకొచ్చి సెల్యూట్ కొట్టాడు.

"నేనేనండీ."

"నువ్వు చూశావా తాతా, ఆవుని తోలుకుపోవడం?"

"చూసే ఉంటానండీ. కర్ర నా చేతిలోనే ఉంది కదా. అందరూ చూశారు."

అందరూ చూసిన మాట నిజం. వాళ్ళు కొండ దిగేసరికి డోలు దగ్గర ఉన్నది తాతే. నేను వంతెన వైపు వెళ్ళిపోయాను. కర్ర అతని చేతిలో పెట్టింది నేను. అతను కునుకులోంచి లేచి, బొత్తాలు తప్పుగా పెట్టుకుని, చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది మార్సుదిగారూ?" అన్నాడు. "కొట్టు" అన్నాను. కొట్టాడు.

ఇది నా పుస్తకం, తుమినాకు చదువు మీద ధ్యాస లేదు, కాబట్టి రాసుకోవచ్చు. మొదట కొట్టింది నేను. బోర్డు ప్రకారం, అనుమానం వచ్చిన ఎవరైనా కొట్టవచ్చు.

8 సెప్టెంబరు, ఆదివారం

వాడ తరఫున జుమాది ఇంటికి బస్తా బియ్యం, నూనె డబ్బా, రెండు కోళ్ళు పంపాం. నా తరఫున విడిగా ఇంకో కోడి ఇచ్చాను. గుడ్లు పెట్టే కోడి. తుమినా, "మనమేం చేశామని మనం విడిగా?" అంది. పెద్దవాళ్ళం ఇవ్వాలి అన్నాను.

12 సెప్టెంబరు, గురువారం

తాత యూనిఫారం వెనక్కి ఇచ్చేశాడు. గ్రామాధికారి మర్యాదగానే అడిగాడు. వయసైంది, కళ్ళు సరిగా ఆనడం లేదు, ఇలాంటి పొరపాటు మళ్ళీ జరిగితే మనిషి ప్రాణం పోతుంది అన్నాడు. ఇందులో ఏ ఒక్క మాటా తప్పు కాదు.

తాత ఉతికి, ఇస్త్రీ చేసి, చొక్కాలో పాంటు పెట్టి మడిచి తెచ్చాడు. టోపీ పైన పెట్టాడు. వాడ పెద్దను కాబట్టి నా చేతికే ఇచ్చాడు. ఇప్పుడు మా బీరువాలో ఉంది, నా చొక్కాల పక్కన. తుమినాను వేరేచోట పెట్టమన్నాను. వేరేచోటు లేదంది.

13 సెప్టెంబరు

చెప్పాలి. ఆదివారం మీటింగులో చెప్తాను.

15 సెప్టెంబరు, ఆదివారం

మీటింగు వాయిదా వేశాను. తాత తనను జుమాది ఇంటికి తీసుకెళ్ళమని పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. క్షమాపణ అడగాలట. కొండ మీదుగా నడిచి వెళ్తానంటే వద్దని బండి మీద ఎక్కించుకున్నాను. నా భుజాలు పట్టుకుని కూర్చున్నాడు. ఒళ్ళో అరటిపళ్ళ అత్తం. దారి పొడుగునా ఏం మాట్లాడాలో పైకే అనుకుంటూ వచ్చాడు. "నాయనా, ఈ ముసలాడి కళ్ళు... కాదు కాదు, కళ్ళ మీద నెట్టకూడదు. నాయనా, నాది తప్పు."

జుమాది వయసు నలభై ఉంటుంది. అరుగు మీద కట్టుతో కూర్చున్నాడు. ఒక కన్ను కింద ఇంకా పచ్చగా ఉంది. తాత వెళ్ళి అతని కాళ్ళ దగ్గర కూర్చుని మోకాళ్ళు పట్టుకున్నాడు. జుమాది కంగారుగా ఎడమచేత్తో లేపబోయాడు. "లే తాతా, తప్పు, మా నాన్న వయసు నీది" అన్నాడు. తాత లేవలేదు. ఏడుస్తూనే ఉన్నాడు. ఏడుస్తున్నవాడి తల మీదుగా జుమాది నా వైపు చూశాడు.

అతని భార్య టీ తెచ్చింది. జుమాది, "తాగండి, చల్లారిపోతుంది" అన్నాడు. తాగాం. అప్పుడతను మామూలుగా, వానల సంగతి మాట్లాడినట్టు అన్నాడు:

"ఆ రోజు మీ ముందునుంచే వెళ్ళాను కదా పెద్దాయనా. మీరు బెంచీ మీద కూర్చుని ఏదో రాసుకుంటున్నారు. వంగి, ఎదురుగా వెళ్తున్నాను ఏమీ అనుకోకండి అన్నాను. మెల్లగా అన్నానేమో. మీకు వినపడి ఉండదు."

"అవును," అన్నాను. "వినపడలేదు."

అతను తలూపాడు. ఇంకో గ్లాసు పొయ్యమని భార్యకు చెప్పాడు.

వచ్చేటప్పుడు తాత, "ఎంత మంచోడండీ. నాలాంటోడికి టీ ఇచ్చాడు" అన్నాడు.

16 సెప్టెంబరు

వినపడింది.

17 సెప్టెంబరు, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. రాస్తే తగ్గుతుందని కాదు. ఇప్పటిదాకా ఈ పుస్తకంలో కూడా అబద్ధమే రాశాను. ఎవరూ చదవని పుస్తకంలో ఎవరిని మోసం చేద్దామని?

నేను కావలి వంతుల పట్టిక దిద్దుకుంటున్నాను. అతను ఆవు తాడును ఎడమచేత్తో వెనక పట్టుకుని, నడుం వంచి, కుడిచెయ్యి కిందికి చాచి, పెద్దవాళ్ళ ముందునుంచి ఎలా వెళ్ళాలో అలాగే వెళ్ళాడు. "ఎదురుగా వెళ్తున్నాను, ఏమీ అనుకోకండి పెద్దాయనా. దర్సినా వదిన ఇంటినుంచి వస్తున్నా" అన్నాడు. మెల్లగా అనలేదు. స్పష్టంగా అన్నాడు. నేను తలూపాను కూడా.

అతను ఇరవై అడుగులు వెళ్ళాడు. నేను లేచి కర్ర తీసుకుని కొట్టాను.

అంత మర్యాద చూపిస్తున్నాడంటే ఏదో ఉందని అనుమానం వచ్చింది, అని రాయబోయి ఆగాను. ఆ అనుమానం నాకు గురువారం వచ్చింది, జరిగిన రెండు రోజులకు. మంగళవారం మధ్యాహ్నం నా బుర్రలో ఉన్నది ఒక్కటే. కొత్త మనిషి, ఆవు, ఖాళీ వాడ. ఇప్పుడు కొడితే తప్పుపట్టేవాళ్ళు ఉండరు. బగ్యో ఆ గట్ల మీదనుంచి రొప్పుకుంటూ పరుగెత్తుకురావాలి. నా డోలు మోగితే ఎలా ఉంటుందో వాడు చూడాలి.

వచ్చాడు. రొప్పుకుంటూ వచ్చాడు. చూసి నాకు సంతోషం వేసింది. వాడి చేతిలో వెదురు ఉందని చూశాక కూడా ఆ సంతోషం వెంటనే పోలేదు. వంతెన దగ్గర నేను "ఆగండి" అన్నది నిజమే. కానీ ఎప్పుడన్నాను? మణికట్టు విరిగిన చప్పుడు విన్నాక అన్నాను.

సిగ్గుతో చచ్చిపోతున్నాను అని రాయాలని ఉంది. చావను. రేపు పొద్దున టీ తాగుతాను.

22 సెప్టెంబరు, ఆదివారం

మీటింగులో చెప్పాను. సగం చెప్పాను.

అందరూ చాపల మీద కూర్చున్నారు. వేరుశనగలు, టీ. వంతులు, కాలువ పూడిక, కొత్త కావలివాడు ఎవరు. ఆ మాట వచ్చినప్పుడు లేచాను. "ఒక సంగతి. ఆ రోజు మొదట కొట్టింది పొనిరాన్ తాత కాదు. నేను" అన్నాను.

టీ కొట్టు ముసలమ్మ, "చూశారా, ఎంత పెద్ద మనసో" అంది. అంతే, అందరూ అందుకున్నారు. తాత పరువు కాపాడటానికి వాడ పెద్ద తన మీద వేసుకుంటున్నాడట. ఇలాంటి నాయకుడు ఏ వాడకుంది అన్నారు. బగ్యో కళ్ళు తుడుచుకున్నాడు, నిజంగానే. "మిమ్మల్ని ఆటపట్టించాను, మనసులో పెట్టుకోకండి" అన్నాడు.

"కాదు, నిజంగానే నేనే" అన్నాను. అన్నకొద్దీ వాళ్ళకు నా మీద గౌరవం పెరుగుతోంది.

తాతకు మాత్రం కోపం వచ్చింది. లేచి నిలబడ్డాడు. యూనిఫారం లేకుండా లుంగీలో మనిషి సగమే ఉన్నాడు.

"మీ దయ నాకెందుకండీ? ముసలాణ్ణే గానీ నా తప్పు నేను మొయ్యలేనంత ముసలాణ్ణి కాదు. కర్ర నా చేతిలో ఉంది. నేనే కొట్టాను."

"తాతా, నువ్వు ఇంట్లో పడుకున్నావు."

అనకూడని మాట అనేశాను. నలుగురూ నవ్వారు. తాత ముఖం మాడిపోయింది. "డ్యూటీలో నేనెప్పుడూ పడుకోలేదు" అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడైనా మిగతాది చెప్పి ఉండాల్సింది. అతను నాతో మాట్లాడాడనీ, దర్సినా పేరు చెప్పాడనీ, నేను విన్నాననీ. అది చెప్తే నమ్మేవాళ్ళు. అందుకే చెప్పలేదు.

ఇంటికొచ్చాక తుమినా నాకు వడ్డిస్తూ, "అందరూ నిన్నే మెచ్చుకుంటున్నారు" అంది. చేప ముక్క పెద్దది వేసింది.

24 సెప్టెంబరు, మంగళవారం

జుమాది ఇంటికి ఒక్కణ్ణే వెళ్ళాను.

బెల్లం కాచే పొయ్యిలో కోళ్ళు పడుకున్నాయి. మూకుళ్ళు బోర్లించి ఉన్నాయి. పెరటి కొబ్బరి చెట్లకు వెదురు గొట్టాలు అలాగే వేలాడుతున్నాయి. పద్దెనిమిది చెట్లు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కేవాడట. రోజూ పూగెల కొన కొయ్యకపోతే నీరా ఆగిపోతుంది. అన్నీ ఆగిపోయాయి.

"మళ్ళీ ఎక్కగలవా?" అని అడిగాను.

"డాక్టరు గుప్పిట ముయ్యమన్నాడు. మూశానన్నాను. మూసుకోలేదంట." కట్టులోంచి బయటికున్న వేళ్ళ వైపు చూసుకున్నాడు. "ఆవుని అమ్మేశాం. పిల్ల కాలేజీ కోసం అనుకున్నది ఆస్పత్రికే అయింది. వచ్చే ఏడు చేరుతుందిలెండి."

అతని భార్య టీ గ్లాసు నా ముందు పెట్టి లోపలికి వెళ్ళింది.

"జుమాదీ, ఆ రోజు వినపడింది" అన్నాను. "నువ్వన్నదంతా. దర్సినా పేరు కూడా. విని, తలూపి, తర్వాత కొట్టాను."

"తెలుసు."

"ఎలా?"

"మొదటి దెబ్బకే వెనక్కి తిరిగాను కదా. మీ చేతిలో కర్ర ఉంది. నా వైపే చూస్తున్నారు."

"మరి పోలీసాయనకు ఎందుకు చెప్పలేదు?"

"నలభై మంది కలిసి కొట్టినోణ్ణి నేను. నా మాట మీద ఎవడికి నమ్మకం? అయినా మీరొస్తారనుకున్నాను. వచ్చారు, తాతని ముందు కూర్చోబెట్టుకుని. మీకు వినపడి ఉండదు అని నేనే మాట అందించాను. కాదు, వినపడింది అంటారేమో చూద్దామని. మీరు దాన్ని చేతులు చాచి తీసుకున్నారు."

ఏం కావాలన్నా చేస్తానన్నాను. మోకాళ్ళ మీద కూర్చోబోయాను.

"అది వద్దు" అన్నాడు, గట్టిగా. "ఆ పని మీకోసం ఇంకోళ్ళు చేస్తున్నారు. పెరట్లోకి చూడండి."

చూశాను. కట్టెలు, చీల్చి, గోడ పొడుగునా నడుం ఎత్తు పేర్చి ఉన్నాయి.

"తాత. రెండ్రోజులకోసారి వస్తున్నాడు. కొండ మీదుగా నడిచి. వద్దంటే వినడు. నీ చెయ్యి విరిచింది నేను, నీ పొయ్యికి కట్టెలు కొట్టాల్సింది నేను అంటాడు. పొయ్యే లేదు తాతా అంటే, వెలిగేదాకా కొడతా అంటాడు. నువ్వు కాదు తాతా అని ఎన్నిసార్లు చెప్పానో. దొడ్డ మనసుతో అంటున్నానని అనుకుంటున్నాడు."

గ్లాసు నా ముందే ఉంది. తాగండి అని అతను అనలేదు. ఇంటాయన అనకుండా గ్లాసు ముట్టుకోవడం మాలో లేదు. టీ మీద మీగడలా ఏదో తేలింది. లేచాను.

వాకిట్లో, "ఆదివారం మీటింగుకి వస్తారా?" అని అడిగాను. అతన్ని మీరు అన్నానని తర్వాత గమనించాను.

"వస్తాను. మీకోసం కాదు."

29 సెప్టెంబరు, ఆదివారం

జుమాది తన బావమరిది బండి మీద వచ్చాడు. అతను చాపల దగ్గరికి రాగానే అందరూ లేచి జరిగారు. ఆ జరగడంలో భయం ఉంది. బగ్యో గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. తాత చివర, చెప్పులు విడిచేచోట కూర్చున్నాడు. పిలిచినా పైకి రాలేదు.

జుమాది నిలబడే చెప్పాడు. "కొట్టింది ఈ తాత కాదు. ఎవరు కొట్టారో నేను చూశాను. మిగతాది ఆయన చెప్తాడు."

చెప్పాను. ఈసారి మొత్తం. అతను వంగి వెళ్ళింది, పలకరించింది, దర్సినా పేరు చెప్పింది, నేను తలూపింది. ఎందుకు కొట్టానో కూడా చెప్పాను. బగ్యో పరుగెత్తుకు రావడం చూడాలని అన్నప్పుడు వాడు గోడ వైపునుంచి నెమ్మదిగా ఇటు తిరిగాడు.

"నన్ను పరుగెత్తించడానికా?" అన్నాడు. "నా చేత్తో..." లేచి బయటికి వెళ్ళి అక్కడే నిలబడ్డాడు.

ఈసారి ఎవరూ పెద్ద మనసు అనలేదు. టీ కొట్టు ముసలమ్మ నా ముందున్న పళ్ళెం తీసి పక్కన పెట్టింది. దర్సినా మెల్లగా, "నేనైనా ఆవు నాది కాదని ముందే చెప్పుంటే" అంది. ఎవరో, "అతను వంతెన మీద దర్సినా పేరు చెప్పడం నేనూ విన్నాను" అన్నారు. ఇంకొకరు, నేనూ అన్నారు. వాళ్ళు అన్నారని నా బరువు తగ్గలేదు. నేను వాడ పెద్ద పని వదులుకుంటున్నానన్నాను. వద్దని ఒక్కరూ అనలేదు. జుమాది పని చేసుకునేదాకా అతని చెట్ల పని మన వాడ కుర్రాళ్ళు వంతులవారీగా చెయ్యాలని బయటినుంచే బగ్యో అన్నాడు. కొయ్యడం రాదు కదరా అని ఎవరో అంటే, నేర్చుకుంటాం అన్నాడు.

బీరువాలోంచి తెచ్చిన యూనిఫారం తీసుకుని తాత దగ్గరికి వెళ్ళాను. తీసుకోలేదు. నా ముఖంలోకి చూస్తున్నాడు, ఇంకా ఏదో లెక్క తేలనట్టు.

"అయితే ఆ రోజు నేను కొట్టలేదా?"

"నువ్వు తర్వాత వచ్చావు తాతా. కర్ర నేనే నీ చేతిలో పెట్టాను."

"నేను పడుకున్నానా?"

"పడుకున్నావు."

పడుకున్నానని అందరి ముందూ ఒప్పుకోవాల్సి వచ్చినందుకు సిగ్గుపడతాడనుకున్నాను. సిగ్గుపడలేదు. రెండు చేతులూ చూసుకున్నాడు. కట్టెలు కొట్టి బొబ్బలెక్కిన చేతులు.

"ఐదు పూటలా నమాజులో ఇదే అడుగుతున్నాను. నా చెయ్యి తీసుకుని అతని చెయ్యి ఇచ్చెయ్యి తండ్రీ అని. ఇరవై ఆరు రోజులు. కళ్ళు మూస్తే ఆ డోలు చప్పుడే. ఒక్క రాత్రి నిద్రపోలేదు, మార్సుదీ."

నన్ను ఎప్పుడూ గారు అని తప్ప పిలవని మనిషి. చుట్టూ అందరూ వింటున్నారు.

"నువ్వు నిద్రపోయావా?" అని అడిగాడు. కోపంగా కాదు. తెలుసుకోవాలని అడిగాడు.

లేదు అంటే నమ్మేవాడు. అందరూ నమ్మేవాళ్ళు. ఈ పుస్తకం తప్ప అడ్డు చెప్పేవాళ్ళు లేరు.

"పోయాను తాతా" అన్నాను. "రోజూ పోయాను."